కాటా పుస్తకం వెనక పేజీలు

ఇరవై తొమ్మిదేళ్లు
ఇస్కపల్లి ఉప్పు కొటారులో కాటా రాశాను.
ముల్లు నిలబడేదాకా
మూట మీద ఎవర్నీ చెయ్యి వేయనిచ్చేవాణ్ణి కాదు.
గాలికి ఊగే ముల్లు అబద్ధమాడుతుందని
లారీ క్లీనర్లకి కూడా తెలుసు.

అలాంటి నన్ను
అల్లూరు ఆస్పత్రి వరసలో గంట నిలబెట్టి,
తాగిన టీ గొంతు దిగకముందే
చొక్కా మీదే పట్టీ చుట్టాడొక కుర్రాడు.
నూట డెబ్భై, నూట నాలుగు.
చీటీ మీద ఒకదాని నెత్తిన ఒకటి, మధ్యలో గీత.
"ఏంది నాయనా, భాగహారమా?" అన్నా.
వాడు నవ్వలా.

రాత్రి నిద్ర రాక
పై అంకెలోంచి కిందిది తీసేసి చూశా. అరవై ఆరు.
నా వయసు అరవై ఒకటి.
ఏ లెక్కా కుదరలా.

అర్థం చెప్పింది నర్సమ్మ ఎస్తేరు,
కాలవ కట్ట మీద స్కూటీ ఆపి:
"సముద్రం పక్కన పుట్టి నన్నడుగుతావా, కాటా మావా?
పేరులోనే ఉండాదే, రక్తపోటని!
గుండె పిండినప్పుడు లేచేది పోటు, అది పై అంకె.
గుండె తెరిపిన పడ్డప్పుడు మిగిలేది ఆటు, అది కిందిది.
పోటు పెద్దదైతే గట్టు కోసుకుపోతుంది.
ఆటులోనూ నీళ్లు దిగకపోతే
గట్టు లోపల్లోపల నానిపోతుంది.
నూట నలభై, తొంభై... గట్టు మీద గీత అనుకో.
ఒక పూట దాటితే అల.
రోజూ దాటితే గండి."

స్కూటీ కదిలిస్తూ అడిగింది:
"ఆరోజు కాటా సున్నా చూసుకునే కూర్చున్నావా?"

సిగ్గేసింది.

కావలి పోయి మిషను కొన్నా.
అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవడం,
చెయ్యి గుండె ఎత్తున, నోరు మూసుకుని.
పొద్దున రెండుసార్లు, మాపున రెండుసార్లు
పాత కాటా పుస్తకం వెనక పేజీల్లో:

బుధవారం 148/92
గురువారం 158/96, కరెంటు బిల్లు వచ్చింది
శుక్రవారం 146/90, నిద్ర పట్టింది
ఆదివారం 161/98, ఎండుచేప. ఒప్పుకుంటున్నా.

డాక్టరు పుస్తకమంతా తిరగేశాడు.
ఒక తెల్ల మాత్ర రాశాడు.
ఉప్పు తగ్గించమన్నాడు.
ఎవరికి చెప్తున్నావయ్యా!
నా మడమల పగుళ్లలో ఇంకా పలుకులుండాయి.
నా కాటా దాటిపోయిన ఉప్పు
ఎన్ని ఊళ్ల జాడీల్లో ఊరిందో,
ఎంతమంది నరాల్లో పోటై లేచిందో
ఆ పద్దు నేను రాయలా.

పెంచలయ్య గుర్తొచ్చాడు.
మడిలో పార ఆనించి ఏదో చెప్తా ఉంటే
మాట సగంలో మూతి పక్కకి జారింది.
అంతకు ముందు తలనొప్పి కూడా ఎరగడు.
"నాకేంది, దుక్కలా ఉండా" అనేవాడు.
తూచని మూటకి బరువు లేనట్టా?

మస్తానమ్మదీ అదే పాట.
"నాకేం లేదు, బ్యాటరీ దండగ."
నాకు విడిగా చప్పిడి పులుసు కాచి
తను మాగాయ టెంక చప్పరించుకుంటా ఉండేది.
ఒక సాయంత్రం బలవంతాన పట్టీ చుట్టా.
176/108.
ఆగి, మళ్లీ. 174/106.
మిషను చెడిందని నా చేతికి కట్టుకున్నా. 136/84.
కాటా సరిగానే ఉండాది.

తెల్లారే అల్లూరు తీసుకుపోయా.

ఇప్పుడు ఎడమ పేజీ ఆమెది, కుడి పేజీ నాది.
ముప్పై ఆరేళ్ల కాపురంలో
పొద్దున్నే అయిదు నిమిషాలు
ఇద్దరం మాట్లాడకుండా కూర్చోవడం కొత్త.
పాలవాడి సంగతి నోటిదాకా వస్తుంది ఆమెకి,
నేను వేలు చూపిస్తా, మింగేస్తుంది.

కుర్చీ ఎత్తు. ఆమె పొట్టిది, కాళ్లు నేలకానవు.
వేలాడే కాళ్లతో అంకె నిజం చెప్పదంట.
కొటారు మూసినప్పుడు తెచ్చుకున్న
ఇరవై కేజీల ఇనప రాళ్లు రెండు
మంచం కిందనుంచి లాగి
ఆమె పాదాల కింద పెట్టా.